చీకట్లో పెట్టిన సముద్రపు నీళ్లు

బాబు మియా మా కాలేజీలో అటెండరు. పేరుకే అటెండరు గానీ సైన్సు ల్యాబు మొత్తం ఆయన చేతి మీద నడిచేది. గద్వాలలో మాది చిన్న ప్రైవేటు డిగ్రీ కాలేజీ. నేనక్కడ తెలుగు చెప్పేవాణ్ని. బాబు మియాది పక్కనున్న ధరూర్, చదువు ఏడో తరగతితో ఆగింది. ప్రతి జూన్‌లో ఆయన ఉద్యోగం మళ్లీ కొత్తగా రాసిచ్చేవాళ్లు. అందుకని ఎండలు ముదిరాయంటే మనిషి జర నెమ్మదించేవాడు, అనవసరంగా ఎవరి కంటా పడేవాడు కాదు.

కెమిస్ట్రీ చెప్పే భానుప్రకాశ్ సార్ సముద్రపు నీళ్ల మీద పీహెచ్‌డీ చేస్తుండేవాడు. కృష్ణ ఒడ్డున కూర్చొని సముద్రం సంగతి నీకెందుకయ్యా అని స్టాఫ్ రూములో ఏడిపించేవాళ్లం. ఆయన నవ్వి ఊరుకునేవాడు. నాలుగు రోజులు సెలవు దొరికితే చాలు, బాపట్ల పోయి తీరం దగ్గరి నీళ్లు డబ్బాల్లో నింపుకొచ్చేవాడు. గాయం మీద పోస్తే బుసబుసా నురగొచ్చే మందుంటుంది, హైడ్రోజన్ పెరాక్సైడ్. అదీ, దాని చుట్టాల్లాంటివి ఇంకొన్నీ ఆక్సిజన్ నుంచే పుడతాయి. కుదురుగా ఉండవు, దొరికినదానితో కలబడతాయి. సముద్రంలో ఇవి ఎంతోకొంత ఎప్పుడూ తయారవుతూనే ఉంటాయట. ఎండ తగిలి ఎంత తయారవుతుందో కొలవడం సార్ పని.

అందుకు కొన్ని సీసాలు మేడ మీద ఎండలో పెట్టేవాడు. పోలిక కోసం కొన్ని చీకట్లో. చీకట్లో పెట్టే నీళ్లను ముందు పల్చటి పొరలాంటి బిళ్లతో వడగట్టాలి. అవి హైదరాబాద్ నుంచి తెప్పించేవాళ్లు. కంటికి కనపడని జీవుల్ని కూడా ఆ బిళ్ల ఆపేస్తుంది. తర్వాత సీసాల్ని కిటికీ లేని స్టోరు రూములో ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేయాలి. తాళంచెవి బాబు మియా దగ్గరుండేది. మూడో రోజు పెరాక్సైడ్‌ను పట్టిచ్చే రసాయనం కలిపితే ఎండలో పెట్టిన నీళ్లు గులాబీ రంగుకు తిరగాలి, చీకట్లోవి తిరగకూడదు.

2006 ఏప్రిల్‌లో చీకటి సీసాలు కూడా గులాబీకి తిరిగాయి. ఎనిమిదింటికి ఎనిమిదీ.

"పెట్టె ఎవరు తెరిచిన్రు?" అని అడిగాడు సార్.

"ఎవ్వరు తెర్వలే సార్. తాళం నా జేబులనే ఉన్నది."

"మరి ఈ రంగు యాడికెల్లి వచ్చింది బాబు మియా? ఎండకు పెట్టినవ్, మర్చిపోయినవ్. ఒప్పుకుంటే అయిపాయె."

"అల్లా కసం సార్, ఎండ తగలనియ్యలే."

సార్ చెడ్డవాడు కాదు. ఏడాది పని పాడయిందన్న కోపంలో ఉన్నాడు. తిన్నగా స్టాఫ్ రూముకొచ్చి, బాబు మియా పని ఎగ్గొట్టి పైగా అబద్ధాలాడుతున్నాడని అందరి ముందూ అనేశాడు. ప్రిన్సిపాల్ వెంకట్రాములు గారు జూన్‌లో ఆలోచిద్దాం అన్నారు. ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు. పన్నెండేళ్లుగా బాబు మియా చేతి చాయ్ తాగినవాళ్లలో ఒక్కరూ నోరు మెదపలేదు. నేనూ మెదపలేదు. నిజం చెప్పాలంటే నేను సార్ మాటే నమ్మాను, ఇప్పుడు సిగ్గుగా ఉంది.

వారం తర్వాత సార్ ఎవరికో విసుగ్గా చెబుతుంటే, బల్ల తుడుస్తూ బాబు మియా విన్నాడు. "బిళ్లతోని వడగట్టినంక అండ్ల పాణమున్నది ఏదీ మిగలదు. ఎండ గాకుంటె ఇంకేముంటది?"

బాబు మియా చేతిలో గుడ్డ ఆగిపోయింది.

ఆ చీకటి సీసాలు పెట్టాల్సిన రోజుల్లోనే సార్ పరీక్షల డ్యూటీ మీద నాలుగు రోజులు వనపర్తి పోయి ఉన్నాడు. తెచ్చిన నీళ్లు నిలవుంచొద్దని చెప్పి మరీ పోయాడు. చూస్తే బిళ్లలు అయిపోయాయి. గద్వాలలో ఇంటింటా నల్లాకు బట్ట కట్టి నీళ్లు పట్టుకుంటారు. బట్టలో దిగిన నీళ్లు శుభ్రమైన నీళ్లే, దాంట్లో అనుమానమేముంది? బాబు మియా ఇంటి నుంచి ఉతికిన మల్‌మల్ గుడ్డ తెచ్చి, నాలుగు మడతలేసి వడగట్టాడు. నీళ్లు తేటగా దిగాయి. అది చెప్పుకోవాల్సిన సంగతని కూడా ఆయనకు తోచలేదు.

ఇప్పుడు తోచింది, బిళ్ల ఆపే జీవుల్ని బట్ట ఆపలేదేమోనని. చెబితే పని చెడగొట్టింది తనేనని తేలిపోతుంది, జూన్ దాకా కూడా ఆగరు. చెప్పకపోతే అబద్ధాలకోరుగా మిగలాలి. ఇంట్లో భార్య అక్తర్ బేగం అంతా విని, "నౌకరి పోతే ఇంకోటి చూసుకుందాం. పోయి చెప్పుండ్రి" అంది.

పొద్దున్నే చెప్పాడు. "బట్టతోని వడగట్టిన సార్. గది నా తప్పు. కానీ పెట్టె తెర్వలే."

సార్ తిడతాడనుకున్నాడు. సార్ మాత్రం ఏ బట్ట, ఎన్ని మడతలని అడిగి కాగితం మీద రాసుకున్నాడు. ఆ వారమే మళ్లీ బాపట్ల పోయాడు. ఈసారి బిళ్లలు తెప్పించి, నాలుగు సీసాలు బిళ్లతో, నాలుగు బట్టతో వడగట్టించాడు. పెట్టెకు తాళం తనే వేసి చెవి తన దగ్గరే పెట్టుకున్నాడు. మూడో రోజు బిళ్లతో వడగట్టినవి రంగు తిరగలేదు. బట్టతో వడగట్టినవి నాలుగూ గులాబీకి తిరిగాయి. బట్ట దాటి వచ్చిన సూక్ష్మజీవులు చీకట్లో, ఎండతో పని లేకుండా, వాటంతట అవే పెరాక్సైడ్ తయారు చేస్తున్నాయి. వెతికితే ఈ సంగతి వేరే దేశాల వాళ్లు అంతకుముందే రాసి ఉన్నారట. సార్ చదివిన వాటిలో లేదు, అంతే.

మర్నాడు ఇంటర్వెల్‌లో బాబు మియా చాయ్ ట్రేతో స్టాఫ్ రూములోకి వచ్చాడు. ప్రిన్సిపాల్ గారూ ఉన్నారు. సార్ లేచి నిలబడ్డాడు.

"ఆ పెట్టె బాబు మియా తెరవలే. ఎండ తగలనియ్యలే. ఆయన అబద్ధమాడిండని మీ అందరి ముందట నేనే అన్న. అది నా తప్పు."

బాబు మియా ట్రే బల్ల మీద పెట్టి, మొదటి కప్పు సార్ ముందుకు జరిపాడు.

"చాయ్ సల్లగైతది సార్, తాగుండ్రి" అన్నాడు బాబు మియా.

జూన్‌లో ఉద్యోగం మళ్లీ రాసిచ్చారు. ఆ కబురు అక్తర్ బేగంకు వెంటనే చెప్పడం కూడా ఆయన మర్చిపోయాడట. సార్ లేచి నిలబడి అన్న మాటను మాత్రం, ఆ రోజు ఇంటికి పోయి, ఒక్క అక్షరం పోకుండా మూడుసార్లు చెప్పి, మూడోసారి ఏడ్చాడట.