తొలి బంతికి ఎత్తిన చెయ్యి

ఆ ఫోటోలో మా బావగారు చెయ్యెత్తింది భోజనానికి. గ్యాస్ బావికి కాదు. ఆ సంగతి తెలిసినవాళ్ళలో ఆయనకు సాక్ష్యం చెప్పగలిగినవాణ్ణి నేనే. చెప్పాల్సినప్పుడు చెప్పలేదు. మా కోనసీమ వాళ్ళలో ఇప్పటికీ కొందరు ఆయన పేరెత్తితే, "హైదరాబాదు వెళ్ళి కంపెనీకి ఒప్పుకొని వచ్చిన మనిషి" అంటారని విన్నాను. అది అబద్ధం. ఆ అబద్ధాన్ని తయారుచేసిన చేతుల్లో నాదొకటి.

తొంభైల చివర్లో నేను మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ణి. గ్యాస్ కోసం మా ప్రాంతంలో బావులు తవ్వే కంపెనీ అది. బావి అంటే నీళ్ళ బావి కాదు. పొలం మధ్యలో రిగ్గు అనే ఇనుప గోపురం నిలబెట్టి, నేలలోకి గొట్టాలు దించుకుంటూ పోతారు. రిగ్గులు అక్కడ, ఆఫీసు ఇక్కడ. గుండ్రటి పెద్ద మేడ ఒకటి లేచి, చుట్టూ రోడ్లు పడుతున్న రోజులు. మా కిటికీకి ఎదురుగా రాళ్ళగుట్టను మందు పెట్టి పేల్చేవాళ్ళు. పేల్చే ముందు ఒక మనిషి ఎర్రగుడ్డ ఊపుకుంటూ పరుగెత్తేవాడు. తర్వాత మా టేబుళ్ళ మీది టీ గ్లాసులు గలగలలాడేవి.

నా పని తెలుగు రాయడం. ఇంగ్లీషులో వచ్చిన కాగితాలను ఊళ్ళలో పంచడానికి తెలుగు కరపత్రాలుగా మార్చేవాణ్ణి. మా ఊళ్ళవాడిని కాబట్టే ఆ ఉద్యోగం దొరికింది. ఆఫీసులో నన్ను "పంతులుగారూ" అని ఆటపట్టించేవారు. నాకు అది బిరుదులాగే ఉండేది.

బావగారంటే మా అక్క భర్త. ఇంటర్ రెండేళ్ళూ వాళ్ళింట్లోనే ఉండి చదువుకున్నాను. కొబ్బరితోట రైతు. వాళ్ళ ఊళ్ళో అప్పటికే ఒక బావి తవ్వారు. అక్కడ మిగులు గ్యాసును కాల్చే మంట రాత్రంతా వెలిగేది. అర్ధరాత్రి పెరట్లోకి వెళితే మన నీడ మనకు కనిపించేది. కాలవలో నీళ్ళు ఉప్పగా మారాయని, కాయ చిన్నదైపోయిందని ఊరు అనేది. అదంతా బావి వల్లేనని బావగారు కూడా ఖాయంగా అనేవారు కాదు. "మనకి తెలీదురా. తెలిసినోళ్ళు వచ్చి చూసి చెప్పేదాకా రెండోది వద్దంటున్నాం, అంతే" అనేవారు.

రెండో బావి ఇళ్ళకు మరీ దగ్గరగా వస్తుందని తెలిశాక, ఊరంతా ఒక కట్టుబాటు చేసుకుంది. ఎవరూ విడిగా ఒప్పుకోకూడదు. అధికారులు వచ్చి ఊరి అభిప్రాయం అడిగే సభ పెట్టినప్పుడు అందరూ ఒకే మాట మీద నిలబడాలి. ఆ కట్టుబాటు కోసం ఇల్లిల్లూ తిరిగినవారు బావగారే. ఊరు ఆయన మాట మీద నిలబడి ఉంది.

ఆ ఏడు కార్తీకంలో ఆయన కంట్లో శుక్లం తీయించుకోవడానికి హైదరాబాదు వచ్చారు. హఫీజ్‌పేట్‌లో మేము అద్దెకున్న వాటాలోనే దిగారు. ఆపరేషను అయ్యాక నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, "ఇప్పుడు నేను సినిమా హీరోలా ఉన్నానా, గుడ్డి బిచ్చగాడిలా ఉన్నానా?" అని మా ఆవిడను నవ్వించేవారు.

హైదరాబాదులో ఉన్న మా ప్రాంతం వాళ్ళ సంఘం ఏటా వనభోజనాలు పెడుతుంది. ఆ ఏడు ఖర్చంతా కంపెనీ భరించింది. బదులుగా భోజనాలకు ముందు పర్యావరణ సదస్సు పెట్టాలంది. సంఘానికీ కంపెనీకీ మధ్య మనిషిని నేనే. బావగారిని రమ్మన్నాను.

"కంపెనీవాళ్ళ కూడు మనకెందుకురా?" అన్నారు.

"సంఘం వాళ్ళదేనండి. కంపెనీ ఊరికే షామియానా వేయిస్తోంది" అన్నాను. అది అబద్ధం. "పైగా మైకు ఉంటుంది. మీరు చెప్పదలుచుకున్నది పదిమందిలో చెప్పచ్చు" అని కూడా అన్నాను. ఆయన ఆ మాటకే బయల్దేరారు.

నానక్‌రామ్‌గూడ దాటాక ఒక జామతోట. షేర్ ఆటో దిగి నడుస్తుంటే దూరంగా రాళ్ళు పేల్చిన చప్పుడు వినిపించింది. బావగారు ఆగి, "ఇక్కడ కొండల్ని కూడా వదల్రేంట్రా?" అన్నారు. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద తినాలి. ఆ తోటలో ఉసిరి లేదు. మావాళ్ళు ఎక్కడినుంచో ఒక కొమ్మ నరికి తెచ్చి, బాల్చీలో ఇసక పోసి నిలబెట్టారు. తోట చూసుకునే ముసలాయన దాని చుట్టూ తిరిగి చూశాడు.

"ఏంది సార్, గింత తోట పెట్టుకొని గీ కొమ్మ కింద తింటరా మీరంత?"

"మా ఆచారం పెద్దాయనా."

"ఆచారమైతే మంచిదే గని, చెట్టును నరికి చెట్టు పండుగ జేసుడు నేనెన్నడు జూడలే" అని నవ్వుకుంటూ పోయాడు.

వేదిక మీద కంపెనీ పేరుతో పెద్ద బ్యానరు. కింద "పర్యావరణం మనందరి బాధ్యత". ఆ వాక్యం నేను రాసిందే. పిల్లలకు బొమ్మల పోటీ పెట్టారు, ఆడవాళ్ళకు తులసి మొక్కలు పంచారు. మా మేనేజరు కొత్త బావి గురించి, రాబోయే రోడ్ల గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడాడు. తర్వాత బావగారు మైకు అడిగి తీసుకున్నారు.

"అయ్యగారు చెప్పింది బాగుందండి. రోడ్డు ఎవరికి చేదండి? కానండీ, మా ఊళ్ళో చంటిపిల్లలకి రాత్రేదో పగలేదో తెలీడం లేదండి. మంట చూసి పగలనుకుని కోడి కూడా అడ్డదిడ్డంగా కూస్తందండి." జనం నవ్వారు. ఆయన నవ్వలేదు. "మీరంతా ఇక్కడ ఉన్నారు. అక్కడుండేది మేము. మమ్మల్ని అడక్కుండా మా తరఫున ఒప్పుకోకండి. ఇదొక్కటే నా మనవి."

చప్పట్లు బాగానే పడ్డాయి. మేనేజరు కూడా కొట్టాడు.

అప్పటికే అందరికీ ఆకలి. విస్తళ్ళు ఒకేసారి అందరికీ వేసే చోటు లేదు. వంటవాళ్ళు తొలి బంతికి ఎన్ని ఆకులు వేయాలో చెప్పమంటున్నారు. మా వైపు పెళ్ళిళ్ళలో, సంతర్పణల్లో ఎప్పుడూ చేసే పద్ధతే. నేను మైకు అందుకుని, "తొలి బంతికి కూర్చునేవాళ్ళు చేతులెత్తండి! షుగరున్నవాళ్ళు, పెద్దవాళ్ళు ముందు" అన్నాను.

బావగారికి షుగరుంది. ముందు వరసలోనే ఉన్నారు. "రెండు చేతులెత్తితే రెండు విస్తళ్ళు వేస్తావేంట్రా?" అని అరిచి, కుడిచెయ్యి పైకెత్తారు. ఫోటోగ్రాఫరు నా వెనక వేదిక మీద ఉన్నాడు. ఆ ఫోటో అప్పుడు తీసిందే. బావగారు ఆ మర్నాడే ఊరికి బయల్దేరారు.

వారం తిరక్కుండా మేనేజరు నన్ను పిలిచి, టేబులు మీద ఫోటోలు పరిచాడు. చేతులెత్తినదాని మీద వేలు పెట్టి, "పాంఫ్లెట్‌కి ఇది బాగుంటుంది. కింద ఒక మంచి లైను రాయండి" అన్నాడు.

"సార్, ఇది భోజనాలకి ఎత్తినవి..."

"చూసేవాడికి తెలుస్తుందా?"

"తెలియదు సార్."

"మరి?"

మొదట, "కార్తీక వనభోజనాల్లో కోనసీమ వాసులు" అని రాసిచ్చాను. ఆయన చదివి పక్కన పెట్టి నా మొహంలోకి చూశాడు. నేను నా సీటుకు వెళ్ళి, మరో వాక్యం రాసి తెచ్చాను. "కొత్త బావికి మా మద్దతు! చేతులెత్తి చాటిన కోనసీమ వాసులు." ఆయన బల్ల మీద చరిచి, "ఇదీ!" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ క్షణం నాకు సంతోషం వేసింది. వాక్యం బాగా కుదిరిందనుకున్నాను. ముందు వరసలో నల్లకళ్ళద్దాల మనిషి నాకు కనబడుతూనే ఉన్నాడు. ఇది పెద్దాఫీసుల ఫైళ్ళలోకి పోతుందిలే అని సర్దిచెప్పుకున్నాను. తెలుగులో రాయించేది తెలుగు చదివేవాళ్ళ కోసమేనని తెలియనంత అమాయకుణ్ణి కాదు.

కరపత్రం ఊళ్ళోకి వెళ్ళింది. ఒక సాయంత్రం మా ఇంటి ఓనరు మెట్ల కిందనుంచి కేకేశాడు. "ఓ సారూ! మీ బావ ఫోను. జల్ది రా, పాపం జర పరేషాన్ల ఉన్నట్టుండు."

బావగారి గొంతు ఎప్పటిలాగే ఉంది. "ఒరేయ్, ఆ కాగితం చూశావా?"

"చూశానండి."

"ఎంతిచ్చారని అడుగుతున్నారురా ఊళ్ళో. తొలి బంతికి ఎత్తానంటే నవ్వుతున్నారు. పులిహోర అని పేరు కూడా పెట్టేశారు. పోనీలే, పేరుదేముంది. కానీ సభ దగ్గరికొస్తంది. నా మాట పోతే కట్టుబాటు పోద్ది. నువ్వు ఆదివారం వచ్చి, ఆరోజు నువ్వేమడిగావో చెప్పు చాలు. మైకులో అడిగినోడివి నువ్వే కదా."

"సెలవు..."

"ఆదివారానికి సెలవేంట్రా?"

"చూస్తానండి."

"ఆఁ, ఇంకోటి. ఆ ముక్క ఎవడు రాశాడో మీ ఆఫీసులో కనుక్కో."

"కనుక్కుంటానండి" అన్నాను.

ఆదివారం నేను వెళ్ళలేదు. వెళ్ళి చెబితే ఉద్యోగం పోతుందన్న భయం ఒకటి. దానికంటే పెద్ద భయం, ప్రశ్న నాదని చెబితే వాక్యం ఎవరిదని అడుగుతారని. ఆ రాత్రి పొద్దుపోయాక, మా ఆవిడకు ఒంట్లో బాగాలేదని ఊరికి కబురు పంపాను. ఆవిడ ఆ పూట వంటింట్లో దోసెలు పోస్తోంది.

ఆ రోజు సంగతి అక్క తర్వాత చెప్పింది. బావగారు బడి ఆవరణలో జనాన్ని కూర్చోబెట్టారట. మా బావమరిది వస్తాడు, వాడే చెబుతాడు అన్నారట. బస్సు వచ్చినప్పుడల్లా రోడ్డు మీదికి వెళ్ళి చూసి వచ్చారట. చీకటి పడ్డాక జనం ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారట.

అధికారుల సభలో బావగారు మాట్లాడడానికి లేచారు. వెనకనుంచి ఎవరో, "ముందు చెయ్యెత్తండి పులిహోర గారూ!" అని అరిచారు. సభంతా నవ్వు. ఆయన కాసేపు నిలబడి, ఒక్క మాట కూడా అనకుండా కూర్చున్నారు. ఆయనే అమ్ముడుపోయాక మనకెందుకని, ఆ రోజు ఒకరి తర్వాత ఒకరు సరేనన్నారు. రెండో రిగ్గు వచ్చింది.

బావగారు ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికారు. నాతో మామూలుగానే ఉన్నారు. ఒక్కసారి మాత్రం, కొబ్బరికాయలు వలుస్తూ, తలెత్తకుండా అడిగారు. "ఎవడు రాశాడో తెలిసిందా?"

"తెలియలేదండి" అన్నాను. మళ్ళీ అడగలేదు. పెళ్ళిళ్ళకు వెళితే, షుగరు మనిషి అయ్యుండి, ఆకలికి చేతులు వణుకుతున్నా ఆఖరి బంతిదాకా ఆగేవారని అక్క చెప్పింది. పిలిచినా లేచేవారు కాదట.

ఆయన పోయిన చాలా కాలానికి, ఈమధ్యే, అక్కకు అంతా చెప్పాను. ప్రశ్న, వాక్యం, దోసెలు. అక్క ఏడవలేదు. నన్ను తిట్టలేదు. "నాకు చెప్పి ఏం లాభంరా? నేను ఆయన్ని ఎప్పుడన్నా అనుమానించానా?" అంది. "వెనకనుంచి అరిచినవాడు మీ హైదరాబాదులోనే ఉంటున్నాడు. ముందు వాడికి చెప్పు."

అతను ఒకప్పుడు బావగారి పక్కపొలం రైతు. ఇప్పుడు తెల్లాపూర్‌లో కూతురి అపార్టుమెంటులో ఉంటున్నాడు. గేటు దగ్గర పేరు రాయించుకుని లోపలికి వెళ్ళాను. గుర్తుపట్టి, "రండి రండి, మా పెద్దాయన బావమరిదిగారు కదా!" అని సోఫాలో కూర్చోబెట్టాడు. నేను నీళ్ళయినా తాగకుండా మొదలుపెట్టి, ఏదీ దాచకుండా చెప్పాను. అతను టీవీ ఆపేసి విన్నాడు.

"అయితే నిజంగా అన్నానికేనా అండీ?" అన్నాడు.

"అవునండి. నేనే అడిగాను."

"మేవందరం నవ్వుకున్నావండి." కళ్ళజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నాడు. "మా ఆవిడ అప్పుడే అంది, ఆయన అలాంటోడు కాదని. నేనే వినలేదు. ఆదివారం బడి కాడ నేనూ కూర్చున్నానండి, చీకటిపడే దాకా. మీరొస్తారనే చూశాను. మీరొచ్చుంటే, సభలో నేనంత మాట అనేవోణ్ణి కాదు."

ఆ మాట కోపంగా అనలేదు. లెక్క చూసి చెబుతున్నట్టు కూడా లేదు. నాకు తెలియదేమోనని తెలియజేస్తున్నట్టు అన్నాడు.

"అవునండి" అన్నాను.

బయటికి వచ్చి, గేటు పక్కన నిలబడి అక్కకు ఫోను చేశాను.

"చెప్పావా?" అంది.

"చెప్పాను."

"ఏమన్నాడు?"

అతనన్నదంతా చెప్పాను.

"ఒక్కడికేనా?" అంది.