వేలితో జరిపిన చుక్క

ఆరేళ్లుగా నా ఉద్యోగం రోడ్డు కింద ఏముందో ఫోన్లోకి ఎక్కించడం. కరెంటు కేబుళ్లు భూమిలో ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతాయో, ఏది ఏ వీధిదో నడుచుకుంటూ కనిపెట్టి, ఒక్కో చోట నిలబడి మ్యాపులో చుక్క పెట్టాలి. తర్వాత రిపేరుకు వచ్చేవాళ్లు ఆ చుక్కలు చూసుకుని తవ్వుతారు. వినడానికి బాగానే ఉంటుంది. యాభై దాటిన మోకాళ్లతో మిట్టమధ్యాహ్నం పీణ్య ఫ్యాక్టరీల వీధుల్లో నడిచి చూస్తే తెలుస్తుంది దాని సుఖం.

ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో కేబుల్ జాడ పట్టే మిషను, వీపున నీళ్ల సీసా. లారీలు వెనకనుంచి హారన్ కొడతాయి. వాచ్‌మన్లు ఎవరు నువ్వంటారు. ఐడీ కార్డు చూపిస్తే చదవకుండానే పక్కకు పొమ్మంటారు. సాయంత్రానికి చెప్పినన్ని చుక్కలు పడకపోతే సూపర్‌వైజరు ఫోన్ చేసి, "ఏం సార్, ఈరోజు లీవా?" అని వెటకారం. నా కొడుకు వయసువాడు. పడాలి, ఏం చేస్తాం.

ఆ యాప్‌లో ఒక వలయం ఉంటుంది. ఫోనుకు ఆకాశంనుంచి జీపీఎస్ సిగ్నల్ సరిగ్గా అందితే, మనం నిలబడ్డ చోటు దానికి పక్కాగా తెలిసి, వలయం ఆకుపచ్చగా మారుతుంది. అప్పుడే చుక్క పెట్టనిస్తుంది. పీణ్యలో ఆకాశం ఎక్కడుంది? రేకుల షెడ్లు, వాటిమీద ఇంకో వరస రేకులు, ఆ పైన మెట్రో. ఎర్ర వలయాన్ని చూస్తూ పావుగంట నిలబడేసరికి తల ప్రాణం తోకకొచ్చేది. అందుకని మా వాళ్లందరికీ ఒక అలవాటు పట్టుకుంది. నాలుగడుగులు అవతల ఖాళీ జాగాకు పోయి, ఆకుపచ్చ రాగానే అక్కడ చుక్క పెట్టేసి, తర్వాత దాన్ని వేలితో తోసి అసలు చోటికి జరిపేవాళ్లం. కొత్తగా చేరినవాళ్లకు ఇది నేర్పింది నేనే. సిగ్గు లేకుండా నేర్పాను.

ఇక జాయింటరన్న. కాలిపోయిన కేబుల్‌ని కోసి, కొత్త ముక్క వేసి అతికే మనిషి. నాకంటే అయిదారేళ్లు పెద్ద. రెండు బస్సులు మారి ఆనేకల్ నుంచి వచ్చేవాడు. మా ఇంట్లో మాట్లాడే తెలుగే వాళ్లింట్లోనూ, అందుకే మొదటిరోజే కలిసిపోయాం. వాళ్ల నాన్న మగ్గం మీద పోగులు అతికితే తను రోడ్డు కింద తీగలు అతుకుతున్నానని నవ్వేవాడు. మ్యాపు రాకముందు అన్న ఏ కేబుల్‌నీ అలా చూసి ఇలా కోసేవాడు కాదు. దూరంగా నిలబడి తాడు లాగితే కేబుల్లోకి ఇనప మేకు దిగే సాధనం ఒకటి ఉండేది. అందర్నీ గుంతలోంచి పైకి పంపి, ఆ మేకు దింపి, అది పేలక, కరెంటు లేదని తేలితేనే రంపం పట్టేవాడు. "సుమ్నే, ఊరికే నమ్మి కోసేస్తే ఎట్లప్పా, అది కరెంటు," అనేవాడు. అదంతా అయ్యేసరికి గంట పట్టేది. మ్యాపు వచ్చాక కాంట్రాక్టరు ఆ గంటను తీసేశాడు. ఏది ఏ కేబులో ఫోనే చెబుతుంటే మేకెందుకు అన్నాడు. ఫోను చెప్పేదంతా నేను పెట్టిన చుక్కల మాటే.

పోయిన ఎండాకాలంలో ఒకరోజు పొద్దున పదకొండప్పుడు పీణ్యలో ఒక వీధికి కరెంటు పోయింది. కేబుల్ కాలిందన్నారు. లేత్ మిషన్లు ఆగిపోయి, పనివాళ్లంతా వచ్చి మేం తవ్విన గుంత చుట్టూ చేరారు. గుంతలో రెండు కేబుళ్లు బయటపడ్డాయి, పక్కపక్కనే, రెండూ నల్లగా, ఒకే లావు. ఒకటి ఆ వీధిది, దాంట్లో కరెంటు లేదు. రెండోది వెనక వీధిది, దాంట్లో నిండుగా ఉంది. సూపర్‌వైజరు ఫోను చూసి, "ఎడమది కోసెయ్యండి," అన్నాడు. అన్న గుంతలో కూర్చుని ఎడమ కేబుల్ మీద మట్టి గుడ్డతో తుడిచాడు. నేను గట్టు మీద నిలబడి ఉన్నాను.

ఊరికే తలెత్తి చూశాను. పైన రేకుల షెడ్డు. చుక్కలు పెట్టిన రోజు గుర్తొచ్చింది. ఆ మూలలో నాకు ఆకుపచ్చ రాలేదు. ఎదురుగా టీ అంగడి ముందుకు పోయి, రెండు కేబుళ్ల చుక్కలూ అక్కడే పెట్టి, వెనక్కి జరిపాను. రెండూ ఒకదానిమీద ఒకటి పడ్డాయి. ఎండకు తెర సరిగ్గా కనిపించలేదు. దేన్ని కుడికి తోశానో, దేన్ని ఎడమకు తోశానో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు.

చెప్పాలి. చెబితే ఈ ఒక్క మూలతో పోదు, ఆరేళ్ల చుక్కలన్నీ బయటికొస్తాయి. ఈ వయసులో ఇది పోతే నన్నెవడు పిలిచి పనిస్తాడు? ఎడమదే కరెక్టేమో, అనవసరంగా నోరు జారడమెందుకు అనుకున్నాను. అవును, అలాగే అనుకున్నాను. అన్న రంపం తీసుకున్నాడు. తలెత్తి నావైపు చూశాడు. నేను ఫోనువైపు చూశాను. రంపం కేబుల్ మీద ఆనింది.

"అన్నా, కోయొద్దు. పైకి రా," అన్నాను.

"ఏమైంది సార్, మ్యాపులో క్లియర్‌గా ఉంది కదా," అని సూపర్‌వైజరు విసుక్కున్నాడు.

"ఆ చుక్కలు ఇక్కడ నిలబడి పెట్టినవి కావు. వేలితో జరిపినవి. తారుమారయ్యాయేమో తెలీదు," అన్నాను. అంతమంది ముందూ చెప్పాను.

అన్న రంపం పక్కన పెట్టాడు. పైకొచ్చి, వ్యాన్లో మూలన పడేసిన మేకు సాధనం తెచ్చి, ఎడమ కేబుల్‌కి బిగించాడు. అందర్నీ వెనక్కి పంపి తాడు లాగాడు. ఢామ్మని మట్టి లేచింది. వెనక వీధిలో అంతసేపూ తిరుగుతున్న మిషన్ల రొద ఒక్కసారిగా ఆగిపోయింది.

నా ఉద్యోగం పోలేదు. వేలితో జరిపిన చుక్కలన్నీ మళ్లీ నడిచి సరిచేయమన్నారు పైవాళ్లు. ఇప్పటికీ నడుస్తూనే ఉన్నాను. మేకు మాత్రం మళ్లీ వాడుతున్నారు.

ఆ సాయంత్రం ఇద్దరం బస్టాపులో కూర్చున్నాం. నేను నీళ్ల సీసా ఇస్తే తాగి, మూత బిగించి తిరిగిచ్చాడు.

"రంపం పెట్టేముందు నిన్ను చూసినా. నీకు అప్పటికే తెలుసు గదా?" అన్నాడు.

"తెలుసన్నా."

"మరి చెప్పేదానికి అంతసేపెందుకప్పా?"

అబద్ధం చెప్పడానికి కూడా ఓపిక లేదు. "ఉద్యోగం పోతుందని భయమేసింది," అన్నాను.

అన్న తలూపాడు. బస్సు వస్తుంటే లేచి, సంచి భుజానికి తగిలించుకున్నాడు.

"నేను ఆ గుంతలోకి దిగేదీ ఉద్యోగానికేనప్పా," అన్నాడు. కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.