నా రెండు ఇంగ్లీషు ముక్కలు

ఒక సాయంత్రం టీవీ చూస్తూ చూస్తూ అల్లుడి ఉద్యోగం ఊడగొట్టబోయిన అత్తగారు ఈ లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. అదీ చాటుమాటుగా కాదు. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, గోంగూర వడ్డించి, నవ్వుతూ, రెండు దేశాలవాళ్లు వింటూ ఉండగా. చదివి నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నవ్వుకి కరెంటు కాలదు.

ముందు నా ఇంగ్లీషు సంగతి చెప్పాలి. నేను చదివింది మూడో తరగతి. కాకినాడ దగ్గర మా ఊరి మిషను బడిలో తెల్ల సిస్టరమ్మ ఒకావిడ పాఠం చెప్పేది. మూడేళ్లలో ఆవిడ ఎంత చెప్పిందో ఏమో, నా దగ్గర మిగిలింది రెండు ముక్కలు.

ఒకటి ‘అమదాన్’. లెక్క చేసి పలక చూపించగానే ఆవిడ నవ్వి, నా నెత్తిమీద మెల్లగా తట్టి ‘అమదాన్’ అనేది. తరగతిలో ఇంకెవర్నీ అన్నిసార్లు అనలేదు. అన్నదానం లాంటి మాట, చెడ్డదెలా అవుతుంది? శభాష్ అని అర్థం చేసుకున్నాను.

రెండోది తిట్టు. బావి దగ్గర్నుంచి మంచినీళ్ల చెంబు పట్టుకుని నేను పరుగున వస్తే, ఆవిడ చెంబు అందుకుని, తల వంచి, మొహం గంభీరంగా పెట్టి ‘గుర్రమాగత్’ అనేది. గుర్రమా, ఆగు అని. పాపం తెలుగూ ఇంగ్లీషూ కలిపి తిడుతోంది అనుకునేదాన్ని.

ఈ రెండు ముక్కలతో యాభై ఏళ్లు నెట్టుకొచ్చాను. మా మాధవి పదో తరగతి పాసైతే ‘అమదాన్’ అన్నాను. పెళ్లిపీటల మీద అల్లుడు శ్రీధర్ నెత్తిన అక్షింతలు వేసి, వియ్యాలవారందరి ముందూ గట్టిగా ‘అమదాన్’ అన్నాను. పాలల్లో నీళ్లు కలిపినావిణ్ణీ, తూకంలో దగా చేసిన కూరల బండివాణ్ణీ వేలు చూపించి ‘గుర్రమాగత్’ అని కడిగేశాను.

“అమ్మా, అది ఇంగ్లీషు కాదే” అని మాధవి చిన్నప్పట్నుంచీ మొత్తుకుంటూనే ఉంది.

“మీది పుస్తకాల ఇంగ్లీషు. నాది తెల్లావిడ నోట్లోంచి సరాసరి దిగింది” అనేదాన్ని.

ఇక అసలు కథ. కంప్యూటరు నేర్చిన ప్రతివాడూ విమానం ఎక్కుతున్న రోజులవి. శ్రీధర్ కూడా ఎక్కి సింగపూరులో దిగాడు. సెంగ్‌కాంగ్‌లో పన్నెండో అంతస్తులో ఫ్లాటు. పదేళ్ల మనవరాలు హాసినిని చూసుకుంటూ, ఎవరూ లేని గదుల్లో ఫ్యాన్లు ఆపుకుంటూ నేనూ అక్కడే ఉండేదాన్ని. ఒకరోజు అల్లుడు నీరసంగా వచ్చి కూర్చున్నాడు.

“అత్తయ్యగారూ, ఆదివారం సాయంత్రం మా బాస్ భోజనానికొస్తారు. ప్రాజెక్టు ఇక్కడే ఉంచాలా, మమ్మల్ని వెనక్కి పంపెయ్యాలా అన్నది సోమవారం ఆయనే తేలుస్తారు.”

వెనక్కి పంపితే మాధవికి ఇక్కడ ఆర్నెల్ల కిందటే దొరికిన ఉద్యోగం పోతుంది. హాసిని బడి మధ్యలో ఆగిపోతుంది.

“ఆయన పేరేంటి బాబూ?”

“కిరణ్.”

“మనవాళ్లేనా?” అన్నాను. ఈలోగా ఆఫీసు నుంచి ఫోనొచ్చి అల్లుడు లేచిపోయాడు. జవాబు నేనే చెప్పేసుకున్నాను. టెక్కా మార్కెట్టుకు వెళ్లి, ఆకు ఆకూ చూసి గోంగూర కొని, గుంటూరు మిరపకాయలు దట్టించి పచ్చడి నూరాను.

ఆదివారం ఆరున్నరకి తలుపు తీస్తే ఎదురుగా ఎర్రజుట్టు, నీలికళ్లు, గుమ్మానికి తల తగలకుండా వంగి నిలబడ్డ తెల్లమనిషి. చేతులు జోడించి “కీరన్” అన్నాడు. నా నోటికి మాత్రం కిరణే.

“ఐర్లాండు” అని మాధవి నా చెవిలో గొణిగింది. “అమ్మా, నీ ఇంగ్లీషు బయటికి తియ్యకు.”

తియ్యకుండా ఉంటానా? అంత పొడుగు మనిషి వంగి దండం పెడితే నాకు ముచ్చటేసింది.

“అమదాన్” అన్నాను.

ఒక బూటు విప్పి చేత్తో పట్టుకున్నవాడు అలాగే ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. “సారీ, ఆంటీ?”

వినపడలేదేమో అనుకుని గొంతు పెంచాను. “అమదాన్.”

“షి ఈజ్ బ్లెస్సింగ్ యూ” అన్నాడు శ్రీధర్ గబగబా.

“ఓహో” అన్నాడు కిరణ్, రెండో బూటు విప్పుతూ. “థాంక్యూ.”

ఆ పిల్లవాడు ఉత్త చేతులతో రాలేదు. కంప్యూటరు తెచ్చి మా టీవీకి తగిలించాడు. తెర మీద వాళ్ల దేశపు టీవీ ప్రత్యక్షం.

“అక్కడి టీవీ ఇక్కడెలా కనిపిస్తోందే?” అన్నాను హాసినితో.

“వాళ్ల మమ్మీ ఇంట్లో టీవీకి ఒక బాక్స్ పెట్టొచ్చాడు అమ్మమ్మా. నెట్‌లో ఇక్కడికి వస్తుంది.”

“అదే, ఎలా వస్తుందీ అని.”

“వస్తుంది లా. డోన్ట్ వర్రీ.” మాట చివర ‘లా’ తగిలించడం దానికి సింగపూరు బడిలో అబ్బింది.

ఇక్కడ ఏడు గంటలైతే అక్కడ మిట్టమధ్యాహ్నమట. చీకటి పడుతున్న హాల్లో కూర్చుని ఇంకొకరి పగటివెలుగు చూస్తున్నాం. కరెంటు లేకుండానే ఇల్లంతా వెలిగిందని నేను ట్యూబులైటు ఆపేశాను.

ఎన్ని ఛానెళ్లు వస్తాయని అడిగించాను. ఐరిష్‌వీ బ్రిటిష్‌వీ కలిపి చాలానే ఉన్నాయన్నాడు.

“మరి మనం ఒకటి చూస్తుంటే మిగతావి ఏమవుతాయి?”

హాసిని భుజాలెగరేసింది. “ఏమీ అవ్వవు. వేస్ట్ అవుతాయి లా.”

నా ప్రాణం ఉసూరుమంది. వండినవన్నీ విస్తట్లో పెట్టి ఒక్క కూరే తినమన్నట్టుంది. కిరణ్ నా అవస్థ చూసి, కంప్యూటరు మీద బాణం గుర్తున్న మీట చూపించాడు. అది నొక్కితే ఛానెల్ మారుతుందట. కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. ఆ తర్వాత ఆ మీటకి విశ్రాంతి లేదు.

ఉన్నమాట చెప్పాలి, ఆ ఛానెళ్లు చూస్తే కళ్లు చల్లబడ్డాయి. ఒకదాంట్లో వార్తలు. చదివే అమ్మాయి ఒక్కసారి కూడా అరవలేదు. వాన గురించి చెప్పే ఆయన ఇక్కడ వాన, అక్కడ వాన, రేపూ వానే అని దేశమంతా చేత్తో తడిపి, చివర్లో నవ్వుతూ సెలవు తీసుకున్నాడు. అంత మర్యాదగా చెబితే తడవడానికి ఎవరికి అభ్యంతరం? ఇంకో ఛానెల్లో కుక్క ఒకటి, మొరగకుండా, కరవకుండా, ఉత్త చూపుతో కొండమీది గొర్రెల మందని దొడ్లోకి తోలింది. మా ఇంట్లో నలుగుర్ని భోజనానికి కూర్చోబెట్టడానికి నాకు అరగంట గొంతు చించుకోవాలి. “అమదాన్” అన్నాను కిరణ్ వైపు తిరిగి, ఆ కుక్కని పెంచింది ఇతనే అన్నట్టు. అతను తల వంచి స్వీకరించాడు.

అన్నిటికంటే గొప్పది బ్రిటిష్ ఛానెల్లో వచ్చింది. జనం ఇంట్లో పాత సామాన్లు పట్టుకుని వరసలో నిలబడ్డారు. ఒక ముసలావిడ మూతి విరిగిన టీ కూజా తెచ్చింది. కోటు వేసుకున్న పెద్దమనిషి దాన్ని పురిటిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. విరిగిన కూజాని పారెయ్యకుండా దాచుకున్న ఆడదాన్ని ఒక దేశం టీవీలో పెట్టి గౌరవిస్తోంది. నేను సీసా మూతలు దాస్తేనే మాధవి దండకం చదువుతుంది.

“చూశావా?” అన్నాను మాధవితో. “అమదాన్” అన్నాను కిరణ్‌తో.

కోటాయన కూజాని తిరగేశాడు. అసలుదా నకిలీదా చెప్పబోతున్నాడు. సరిగ్గా అప్పుడే నాకు గుర్తొచ్చింది, పక్క ఛానెల్ ఇందాకట్నుంచీ వృథాగా పోతోందని. మీట నొక్కాను. మళ్లీ గొర్రెలు.

అరనిమిషం కాలేదు, కిరణ్ ఫోను మోగింది. టీవీ ముందే అన్నం తింటున్నాడేమో, అతని కుడిచెయ్యి నిండా గోంగూర. హాసినిని నొక్కమంటే ఆ పిల్ల స్పీకరు కూడా నొక్కింది. హాలంతా ఒక పెద్దావిడ గొంతు, కిరణ్ వాళ్లమ్మట. తిడుతోందో పాడుతోందో తెలియని ధోరణి. ఆ ప్రవాహంలోంచి ఒక మాట నా చెవిన పడింది.

“...అమదాన్...”

యాభై ఏళ్ల తర్వాత అదే మాట, అదే యాస. మాధవి వైపు తిరిగాను.

“విన్నావా? ఇంగ్లీషు కాదన్నావుగా.”

“అమ్మా, ఊరుకో.”

అవతల ఆవిడ మళ్లీ అంది, ఇంకా గట్టిగా. కొడుకుని అంతలా మెచ్చుకుంటున్న తల్లిని నేనెక్కడా చూడలేదు. ఆతిథ్యం ఇచ్చినదాన్ని, నేనొక మాట కలపకపోతే ఏం మర్యాద? ఫోను దగ్గరికి వంగాను.

“యెస్ మేడమ్. కిరణ్ అమదాన్. శ్రీధర్ అమదాన్. మాధవి, హాసిని, ఆల్ అమదాన్. వెరీ వెరీ అమదాన్.”

కింద వెళ్తున్న చిన్న రైలు చప్పుడు పన్నెండో అంతస్తుకి వినిపించింది. ఆ తర్వాత ఫోనులోంచి నవ్వు. పాత చేతిపంపులా ముందు కిర్రుకిర్రుమని, ఆనక భళ్లున. కిరణ్ కూడా ఆపుకోలేక పగలబడి నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు, గోంగూర చేత్తో.

ఇంక చూడండి. అల్లుడి భవిష్యత్తు తేల్చవలసినవాడు మా సోఫాలో కళ్లు మూసుకుని “ఆ, ఊ” అంటూ మెలికలు తిరుగుతున్నాడు. “అయిపోయింది. సామాన్లు సర్దుకోవడమే” అన్నాడు శ్రీధర్.

నేను వంటింట్లోకి పరిగెత్తి, చెంబుతో నీళ్లు తెచ్చి చేతికందించాను. కిరణ్ కళ్లు కడుక్కుని, తల వంచి, గంభీరంగా అన్నాడు.

“గుర్రమాగత్.”

నిలబడ్డచోటే నిలబడిపోయాను. నీళ్లు తెచ్చినందుకు నన్ను గుర్రమంటాడా? “ఏమన్నాడే?” అన్నాను.

హాసిని అడిగి చెప్పింది. “అది ఐరిష్ అమ్మమ్మా. వాళ్ల మదర్ టంగ్. ఇంగ్లీష్ కాదు. థాంక్యూ అని అర్థమట.”

“మరి అమదాన్?”

హాసిని మళ్లీ అడిగింది. కిరణ్ పైన ఫ్యాను వైపు చూశాడు. తర్వాత ఏదో గొణిగాడు. హాసిని చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఫూల్ అట లా.”

అంటే మూర్ఖుడు. పీటల మీద అల్లుణ్ణి అన్నమాట అది. పాసైన కూతుర్ని అన్నమాట. గుమ్మంలో దండం పెట్టిన బాసుని రెండుసార్లు, కుక్క పేరుచెప్పి ఒకసారి, కూజా పేరుచెప్పి ఒకసారి. నీళ్లపాలు పోసినావిడకేమో నడివీధిలో వేలు చూపించి ధన్యవాదాలు చెప్పాను. ఆవిడ మర్నాడు ఇంకో గ్లాసుడు నీళ్లు ఎందుకు కలిపిందో ఇప్పుడు తెలిసింది.

అవతల పెద్దావిడకి మాత్రం కోపం చల్లారలేదు. మేం ఇక్కడ మీట నొక్కితే అక్కడ ఆవిడ టీవీలో ఛానెల్ మారిపోతోందట. ఈ వేళకి తల్లి చర్చిలో ఉంటుందని కిరణ్ అనుకున్నాడు. ఆవిడేమో మోకాలు నొప్పితో ఇంట్లోనే కూర్చుని ఆ కూజానే చూస్తోంది.

“అది అసలుదా నకిలీదా అని చెప్పబోతుంటే మార్చిందెవరని అడుగుతోంది” అంది హాసిని.

“నేనేనని చెప్పు.”

“మరి మీరైనా విన్నారా అంటోంది.”

“లేదని చెప్పు.”

ఆ కూజా సంగతి అటు ఆవిడకీ ఇటు నాకూ తెలియకుండానే పోయింది. ఆ బాధ సామాను దాచుకునే ఆడవాళ్లకే తెలుస్తుంది.

సోమవారం సాయంత్రం శ్రీధర్ తలుపు తీసుకుని వచ్చేసరికి నేను పెట్టెల మీద దుమ్ము దులుపుతున్నాను.

“ఇంకో రెండేళ్లు ఇక్కడే అత్తయ్యగారూ.”

“నేనన్నమాటకి ఏమీ అనుకోలేదా?”

“ఆఫీసులో తనేం చెప్పినా అందరూ గ్రేట్ అంటారట. మీ అత్తగారొక్కరే తలుపు తీయగానే కనిపెట్టేశారు అన్నారు. ప్రతి ఆదివారం ఇక్కడే తినమని వాళ్లమ్మగారి ఆర్డరట. మీటకి మాత్రం మిమ్మల్ని దూరంగా ఉంచమన్నారట.” అల్లుడు సంచీ దించి, కొంచెం సిగ్గుపడుతూ అన్నాడు. “పని బాగుందని రిపోర్టు శుక్రవారమే రాసేశారట. మనమే ఊరికే వణికిపోయాం.”

ఆ రాత్రి సిస్టరమ్మ గుర్తొచ్చింది. ఆవిడ మీద కోపమేమీ లేదు. ఎక్కడో వానలు కురిసే సముద్రపొడ్డు నుంచి మా ఎండలోకి వచ్చి, సొంత భాష మాట్లాడేందుకు మనిషి లేక, పలక మీద నా తప్పులు చూసి నవ్వుకుంటూ ఆ ఒక్క మాట పలికేది కాబోలు. తప్పు చేసినప్పుడు మూర్ఖురాలా అంది, నీళ్లు తెచ్చినప్పుడు థాంక్స్ చెప్పింది. గుర్తుచేసుకుంటే తప్పుల లెక్కలకంటే నీళ్ల చెంబులే ఎక్కువ.

అందుకని దేవుడి దీపం ముందు చెయ్యి చాపి ప్రమాణం చేశాను. అవతలి చివర ఎవరున్నారో తెలియకుండా ఏ మీటా నొక్కను. పొగిడినా తిట్టినా తెలుగులోనే, అదీ పొదుపుగా. అర్థం తెలియని మాట ఇక ఈ నోట రాదు.

ఆ ప్రమాణాన్ని తప్పకుండా పాటిస్తున్నాను, ఆదివారాలు తప్ప. గుమ్మంలో నేను “అమదాన్” అనకపోతే ఆ కిరణ్ రెండో బూటు విప్పడు.