బ్యాటరీ మస్తాన్ నాకు చెప్పకుండా పోయిన మాట

పెనుకొండ బ్యాటరీ మస్తాన్ పోయాడన్న కబురు శుక్రవారం మధ్యాహ్నం తెలిసింది. ధర్మవరం బస్సు కండక్టరు హిందూపురం టాక్సీ స్టాండులో మా ఆయనతో చెప్పాడట. మా ఆయన ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే వాకిట్లో నిలబడి, "మస్తాను పొయినాడంట" అన్నాడు. నేను విత్తనానికి శనక్కాయలు ఒలుస్తున్నాను. ఏ మస్తాను అని అడిగాను. మాకు తెలిసిన మస్తాన్ ఒక్కడే, అయినా అడిగాను. పోయిన నెలలోనే కదా, ఇదే వాకిట్లో కూర్చుని నాతో మాట్లాడి వెళ్లాడు.

టాక్సీ స్టాండు వాళ్లు అతని పేరున చిన్న పుస్తకం వేస్తున్నారు. తలా నాలుగు మాటలు రాసివ్వమన్నారు. మా ఆయన మాత్రం, "మా ఇంటామె చెప్పల్ల, వానికి శిష్యురాలు ఆమె" అన్నాడట. నాకు రాయడం రాదు. నేను చెబుతుంటే మనవరాలు సుధ రాస్తోంది. మొదటి వాక్యంలోనే "పరమపదించారు" అని రాయబోయింది. వద్దన్నాను. మస్తాన్ వినుంటే ఎవరు పోయారని పక్కకు తిరిగి చూసేవాడు.

తెలియనివాళ్ల కోసం కొంచెం వెనక నుంచి చెప్పాలి. మా ఆయన రెండెకరాల చేను అమ్మి ఒక పాత కారు కొని, టాక్సీగా తిప్పడం మొదలుపెట్టాడు. పెళ్లిళ్ల కాలంలో పట్టుచీరలకు ధర్మవరం పోయేవాళ్లు, తక్కిన రోజుల్లో పెనుకొండ పనుల మీద పోయేవాళ్లు ఎక్కేవారు. కారు కొనడంతో అయిపోయిందనుకున్నాం. బాడుగ లేని రోజు కూడా దానికి ఏదో ఒకటి కావాలి. ఒకరోజు ఫ్యాన్ బెల్టు, ఒకరోజు గ్రీజు, ఇంకోరోజు కారిపోయే రేడియేటరుకు మాటు. పండక్కి పిల్లలకు బట్టలు తీసేముందు కారుకేం కావాలో చూసుకునేవాళ్లం. అలాంటప్పుడు దొరికాడు మస్తాన్.

పెనుకొండ బస్టాండు పక్కన రేకుల షెడ్డు అతనిది. సన్నటి మనిషి. యాసిడ్ చుక్కలు పడి చొక్కా నిండా చిల్లులు. మా ఇంటికొస్తే మంచి కుర్చీ వేసినా కూర్చునేవాడు కాదు, గుడ్డ పాడవుతుందని గడప పక్కన గోనెసంచి వేసుకునేవాడు. మొదటి రోజు నుంచీ నన్ను అక్కా అనే పిలిచాడు.

మా ఆయన అర్ధరాత్రి బాడుగల నుంచి వచ్చి, పొద్దెక్కాక లేచేవాడు. కారును తెల్లవారి చూసుకునేవాళ్లు లేరని మస్తాన్ ఆ పని నాకు నేర్పాడు. ఆడమనిషికి బానెట్ పని ఏంటికని మా ఆయన అన్నాడు. మస్తాన్ నవ్వి, "పాలు పొంగేలోపల దించే మనిషికి ఇది ఎంత పనబ్బా" అన్నాడు. బ్యాటరీ మీద ఆరు మూతలు. ఒక్కొక్కటే విప్పి చూడాలి, లోపల ప్లేట్లు మునిగేంత మాత్రమే నీళ్లుండాలి. వైర్లు బిగించే టెర్మినల్ మీద తెల్లగా పూస్తే వేడినీళ్లతో కడిగి, తుడిచి, వ్యాసిలిన్ రాయాలి. నా చేతికున్న లోహపు గాజులు తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. ముత్తైదువను గాజులు తీయమని చెప్పడానికి అతనికి నోరు రాలేదు. మరుసటి ఆదివారం పాత సైకిల్ ట్యూబు ముక్కలు రెండు కోసుకొచ్చి, గాజుల మీదికి తొడుక్కోమన్నాడు.

నీళ్ల సంగతి కూడా అతనే నేర్పాడు. బ్యాటరీలో పోసే శుద్ధమైన నీళ్లు సీసాల్లో బెంగళూరు నుంచి రావాలి. మస్తాన్ వాననీళ్లు పట్టించేవాడు. మొదటి వాన వదిలేయాలి, దుమ్మంతా అందులో కొట్టుకుపోతుంది. రెండో వానకు ఉతికిన పంచెను నాలుగు కట్టెలకు కట్టి, నడుమ ఒక గులకరాయి వేసి, కింద పింగాణీ జాడీ పెట్టాలి. మూడు జాడీలు నిండితే మాకు ఏడాది గడిచేది. ఆ పని నాకెంత ఇష్టమో ఎలా చెప్పను. వంటింట్లో ఎంత చేసినా ఎవరూ ఏమీ అనరు. పొద్దున్నే బండి ఒక్క తిప్పుకు పలికితే మాత్రం, "మా ఇంటామె చెయ్యి" అని మా ఆయన స్టాండులో చెప్పుకునేవాడు.

తర్వాత కరువు వచ్చింది. జాడీలు ఎండిపోయాయి. ఉగాది అయ్యాక మస్తాన్ పాత బ్యాటరీ తీసేసి, బెంగళూరు నుంచి తెచ్చానని డబ్బు తీసుకుని కొత్తది వేశాడు. రెండు నెలలకు అందులో నీళ్లు తగ్గాయి. అతను ఆ వారం రాలేదు. నేను బోరునీళ్లు కాచి, చల్లార్చి, గుడ్డలో వడగట్టి పోశాను. చంటిపిల్లలకు పట్టే నీళ్లే కదా, బ్యాటరీకి మాత్రం ఏం చెడుపు అనుకున్నాను.

నాలుగు రోజులకు మా ఆయన ఒక పెళ్లికొడుకును ధర్మవరం తీసుకుపోతున్నాడు. పెనుకొండ దాటాక టీ కోసం ఆపిన బండి మళ్లీ పలకలేదు. తోసినా పలకలేదు. ఎర్రటి ఎండలో బాసికం కట్టుకున్న పెళ్లికొడుకు శనక్కాయల లారీ ఎక్కి, మూటల మీద కూర్చుని పోయాడు. ముహూర్తం తప్పింది. ఆడపెళ్లివాళ్లు మా ఆయనను అనరాని మాటలన్నారు.

సాయంత్రం లారీకి కట్టి బండిని ఇంటికి లాక్కొచ్చారు. మస్తాన్ కూడా వచ్చాడు. మూతలు విప్పి చూసి, "ఏం నీళ్లు పోసినావక్కా?" అని అడిగాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అతను ఆరు మూతలూ ఒక్కొక్కటే బిగించాడు. నా వైపు చూడకుండా మా ఆయనతో, "అదేలేబ్బా. ఆ నీళ్లే" అన్నాడు.

అంతే. ఆ రోజు నుంచి మా ఆయన నన్ను బానెట్ ముట్టనివ్వలేదు. ధర్మవరం బాడుగలు తగ్గిపోయాయి. స్టాండులో నాకు కాచిన నీళ్లక్క అని పేరు పెట్టారు. నేను అటు పోతే, నీళ్లు కాగినాయా అక్కా, స్నానం బండికా మనిషికా అని అడిగేవాళ్లు. ఎవరెవరన్నారో నాకు గుర్తుంది. మీరూ ఇది చదువుతారు.

ఆ తర్వాత ఎనిమిదేళ్లు మస్తాన్ ఒక్క ఆదివారం తప్పలేదు. పెనుకొండ నుంచి వచ్చి బండి అంతా చూసి, కూలి ఇస్తే చేతులు వెనక్కి పెట్టుకునేవాడు. నాకు టైఫాయిడ్ వస్తే దానిమ్మకాయలు తెచ్చాడు. రంజాన్‌కు సేమ్యా పంపేవాడు. స్టాండులో ఎవరైనా నన్ను ఆ పేరుతో అంటే, "ఆయక్క మాట ఎత్తొద్దండి" అని కసిరేవాడు. తోడబుట్టినవాడు కూడా ఇంత చేయడని నేను నలుగురికీ చెప్పాను. పోయిన నెలలో వచ్చినప్పుడు, మళ్లీ బ్యాటరీ చూడాలని నీకు అనిపించదా అక్కా అని అడిగాడు. ఒకదాన్ని చంపింది చాలదా అన్నాను. టీ గ్లాసు సగంలోనే కింద పెట్టి లేచిపోయాడు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. ఆ తర్వాతి ఆదివారాలు అతను రాలేదు.

మూడోనాడు, పోయినవాళ్ల కోసం చదివే ఫాతెహాకు పెనుకొండ పోయాం. మస్తాన్ భార్య మాబుబీ నన్ను లోపలికి పిలిచి, పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది.

"అక్కా, నీ నీళ్లతో పోలేదంట అది. పాత ప్లేట్లు కొత్త పెట్టెలో పెట్టి ఇచ్చినాడంట. తాను పొయినాక ఆయక్కకు చెప్పు అన్నాడు."

"నీకెప్పుడు తెలిసింది?"

"మంచం పట్టినాకనే. ఆ యేడు షెడ్డుకు ఒక్క బండీ రాలే. ఆ బ్యాటరీ దుడ్లతో జొన్నలు తెచ్చినాడు. నేనూ తింటి."

పాత ప్లేట్లు పెట్టినందుకు నాకు కోపం లేదు. ఆ కరువు నేనూ చూశాను. మాబుబీ తిన్న జొన్నల మీద నాకేం కోపం. కానీ నేను దాచకుండా చెప్పిన నిజం వెనక్కి పోయి అతను దాక్కున్నాడు. దాన్ని ఎలా ఓర్చుకోవాలి. దానిమ్మకాయలు నా మీద ప్రేమతో తెచ్చాడా, చేసిన తప్పుకు తెచ్చాడా. ఒక్కో ఆదివారాన్నీ తీసి చూసుకుంటున్నాను, తేల్చుకోలేకపోతున్నాను. ఆ సైకిల్ ట్యూబు ముక్కలు మాత్రం అంతకుముందువి. వాటిలో కల్తీ లేదు.

తిరుగుదారిలో మా ఆయనకు చెప్పాను.  "నేనన్నా ఇంకో మెకానిక్కుకు చూపించాల్సింది" అన్నాడు. "చూపించలేదు. నేను చెడగొట్టినానంటే నీకు గమ్మున నమ్మకం కుదిరింది" అన్నాను.  

మస్తాన్ లాంటి పనివాడు ఈ మూడు ఊళ్లలోనూ లేడు, ఇక రాడు. ఇంజను చప్పుడు విని రోగం చెప్పేవాడు. ఆడదాని చేతికి పనిముట్టు ఇచ్చి, చేయగలవని నమ్మినవాడు అతనొక్కడే. ఇదంతా నిజం, అచ్చు వేయండి. ఆ బ్యాటరీ నా నీళ్లతో చావలేదన్నది కూడా నిజం, దాని పక్కనే అచ్చు వేయండి. చనిపోయినవాళ్ల పుస్తకంలో ఇది బాగుండదు, కొట్టేద్దాం అవ్వా అంటోంది సుధ. ఉండనీ అన్నాను.

మస్తాన్, నువ్వే వచ్చి చెప్పుంటే నిన్ను వీధంతా వినేలా తిట్టేదాన్ని. ఒక నెల నీతో మాట్లాడేదాన్ని కాదు. ఆ తర్వాత నేనే కబురు పంపేదాన్ని. ఆ నెల రోజుల పాటి నమ్మకం నీకు నా మీద లేకపోయింది. ఇప్పుడు నిన్ను తిట్టడానికీ లేదు, పిలవడానికీ లేదు.