వాగు దాటిన మాట

నా చిన్నప్పుడు, ములకలపల్లి దాటి అడవిలోకి పోతే వచ్చే మా ఊరికి వానాకాలంలో వాగే సరిహద్దు. అది పొంగిందంటే ఇటు బస్సు రాదు, అటు మనిషి పోడు. అలాంటి రోజునే అమ్మకు నొప్పులు మొదలయ్యాయి.

మా పక్కింటి అక్క ఊరి దవాఖానాలో నర్సు. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. అమ్మను చూసి, బిడ్డ అడ్డం తిరిగిందని, పెద్ద దవాఖానాకు తీసుకుపోక తప్పదని చెప్పింది. ఆ నీళ్లలో దిగగలిగే పెద్ద ట్రాక్టర్ వాగవతల ఉన్న ప్రభుత్వ ఆఫీసులో మాత్రమే ఉంది. నాన్న కిరాణా దుకాణానికి పరుగెత్తి అక్కడి నుంచి ఫోన్ చేశాడు. ఆయనకు భయమేస్తే గొంతు పెరుగుతుంది. ఆఫీసులో కూర్చొని జీతాలు తింటున్నరా అని అరిచాడు. అవతలివాళ్లు ఫోన్ పెట్టేశారు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

అమ్మ దగ్గర మంత్రసాని అవ్వను కూర్చోబెట్టి అక్క దుకాణానికి వచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకొని, ఒక నిమిషం ఊరికే నిలబడి, అప్పుడు నంబర్ తిప్పింది. ఈసారి ఎత్తారు.

“నమస్తే సార్. వాగివతల ఊరి నర్సును మాట్లాడుతున్న. ఒకామెకు కాన్పు కష్టమైతున్నది. మీ ట్రాక్టర్ పొద్దుగూకకముందు వస్తే తల్లీబిడ్డా దక్కుతరు.”

అవతలాయన ఇందాకటి తిట్ల గురించి చాలాసేపు చెప్పినట్టున్నాడు. నాన్న ఏదో అనబోతే అక్క చేత్తో ఆపింది. ఆయన చెప్పేదంతా అయ్యేదాకా ఆగి, మెల్లగా అంది:

“నొప్పులు పడేది ఆయన భార్యనే సార్. భయంతోని గట్ల అన్నడు. మీరు మనసుల పెట్టుకోకుండ్రి.”

ఆయన ఒప్పుకున్నట్టున్నాడు, అక్క ఆయన పేరు అడిగి తెలుసుకుంది. ట్రాక్టర్ ఎక్కడికి వస్తుందో ఆయన చెప్పిన మాటే మళ్లీ చెప్పి సరిచూసుకుంది. ఫోన్ పెట్టేసి అమ్మ దగ్గరికి పరుగెత్తింది.

ట్రాక్టర్ వచ్చింది. ట్రాలీలో గడ్డి పరిచి అమ్మను పడుకోబెట్టాం. ఆమె తల నా ఒళ్లో పెట్టుకున్నాను, అక్కా నాన్నా పక్కనే కూర్చున్నారు. నడివాగులో నీళ్లు ట్రాలీ అంచును తాకాయి. అవతలి గట్టు ఎక్కగానే రెండు వైపులా జనం కేకలు వేశారు. ట్రాక్టర్ పంపిన ఆఫీసువాళ్లు జీపు తెచ్చి అక్కడే సిద్ధంగా ఉన్నారు.

పెద్ద దవాఖానాలో చెల్లె పుట్టింది. తెల్లారి అక్క టీ కూడా తాగకుండా నాన్నను దవాఖానా ఎదుటి ఫోన్ బూత్‌కు తీసుకుపోయింది. నేనూ వెంట పోయాను. పని అయినంక కూడా ఫోన్ చేయాలె అని నంబర్ కలిపి ఇచ్చింది. నాన్న ఈసారి మెల్లగా మాట్లాడాడు.

“సార్, ఆడపిల్ల. ఇద్దరు మంచిగున్నరు. మీ మేలు మరువను.”

అవతలాయన ఆ కబురు ఆఫీసంతటికీ వినబడేలా చెప్పాడు. చప్పట్లు బూత్ బయట నిలబడ్డ నా దాకా వినిపించాయి. నాన్న ఫోన్ పట్టుకొనే ఏడ్చాడు, నవ్వాడు.

ఇప్పుడు నేను అంబులెన్స్ కాల్ సెంటర్‌లో కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పుతున్నాను. రోజూ ఎవరో ఒకరు మా మీద అరుస్తారు. అరిచే గొంతు వినగానే నాకు కోపం రాదు, ఇంట్లో ఎవరికి ఎట్లుందో అనిపిస్తుంది. ముందు నమస్తే చెప్పి, అవతలివాళ్లు చెప్పేదంతా వింటాను.