బల్లకు అవతలి మనిషి

కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో అద్దాలు సానపట్టే మనిషికి మాటలతో పెద్దగా పని పడదు. వచ్చినవాళ్ళతో మాట్లాడేందుకు ముందు గదిలో వేరే మనుషులుంటారు. ఆయన ముందున్నవల్లా తిరిగే చక్రం, దానిమీద సన్నగా కారే నీళ్ళు, ఫ్రేములో ఇమిడేదాకా అరగదీయాల్సిన అద్దం. పొద్దున్న వెళ్ళి ఆ చప్పుడులో కూర్చుంటే, సాయంత్రం లేచేసరికి వాడక గొంతు పెగిలేది కాదు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "కుదర్లేదు" అనేవాడు. ఆ అడిగేవాళ్ళు కూడా ఎప్పుడో మానేశారు.

తమ్ముడి ఇంట్లో మేడమీది గది ఆయనది. తమ్ముడు మంచివాడు, మరదలు ఇంకా మంచిది. అంత మంచితనం మధ్య ఆయన చుట్టపుచూపుగా వచ్చినవాడిలా మసలుకునేవాడు. అడిగినదానికి బదులు చెప్పడం, తిన్న కంచం కడిగి బోర్లించడం, మేడమెట్లు ఎక్కడం.

నోరు విప్పేది సాయంత్రాలు మాత్రమే. మునిసిపాలిటీ గ్రంథాలయం వెనక ఒక హాలు, అందులో రెండు టేబుల్ టెన్నిస్ బల్లలు ఉండేవి. ఎవరైనా రావచ్చు, ఆడవచ్చు. అక్కడ ఎవరికీ అసలు పేర్లు లేవు. బంతి నెట్‌కు తగిలి అవతల పడ్డా, తనకే పాయింటు వచ్చినా, చివరికి బాగా కొట్టినా సారీ చెప్పే ఆయన సారీగారు. బస్సు నడిపే ఆయన డ్రైవరు. ఎటు కొట్టినా బంతిని తిప్పి పంపే పొడుగాటి మనిషి గోడ. మన మనిషి కళ్ళజోడు. ఆయనకు కళ్ళజోడు లేదు, అదే అందులో తమాషా.

కళ్ళజోడు, గోడ ఏళ్ళ తరబడి ఎదురెదురుగా ఆడారు. పాయింట్లు లెక్కపెట్టుకోవడం, "అబ్బ, భలే వేశారే!" అనుకోవడం, చివర్లో "రేపొస్తారుగా?" అంటే "రాక ఎక్కడికి పోతానండీ!" అనడం, అంతే వాళ్ళ మాటలు. ఆ కాసిని మాటలతోనే ఆయనకు రోజు నిండిపోయేది.

ఒకరోజు హాలు తలుపుకు బోర్డు వేలాడింది. పతకాలు తెచ్చే పిల్లల్ని తయారు చెయ్యడానికి హాలును శిక్షణ కేంద్రానికి ఇచ్చేశారట. తప్పని ఎవరంటారు? మెట్ల దగ్గర నిలబడి అందరూ "మంచిదే, పిల్లలు బాగుపడతారు" అనుకున్నారు. "ఫోన్లు చేసుకుందాం, ఇంకెక్కడైనా చూసుకుందాం" అన్నాడు సారీగారు. సరేనంటే సరేనని విడిపోయారు. వీధి మలుపు తిరిగాక కళ్ళజోడుకు తట్టింది, తన దగ్గర ఒక్కరి నంబరూ లేదని. వెనక్కి వచ్చేసరికి మెట్లమీద ఎవరూ లేరు.

మర్నాడు పని కాగానే ఇంటికి వెళ్ళాడు. తమ్ముడి కూతురు పరీక్షకు చదువుతూ ముందు గదంతా పుస్తకాలు పరుచుకుంది. ఆయన్ను చూసి "అయ్యో పెదనాన్నా, ఉండండి" అని గబగబా కుర్చీ ఖాళీ చేసింది. మరదలు కంగారుగా వంటింట్లోంచి వచ్చి "ఒంట్లో బాగాలేదా బావగారూ?" అంది. తను లేని వేళలకు ఆ ఇల్లు ఒక తీరుగా అమరిపోయిందని ఆయనకు అర్థమైంది. ఆ తర్వాత నుంచి బ్యాటు సంచీ భుజానికి తగిలించుకునే బయల్దేరేవాడు. సాయంత్రం ఊరంతా కాళ్ళీడ్చుకుంటూ తిరిగి, ఎప్పుడూ వచ్చే వేళకే ఇల్లు చేరేవాడు.

పట్టుకున్నది మరదలే. ఉతకాల్సిన బట్టలు తీస్తూ, "బావగారూ, ఈమధ్య మీ చొక్కాలకు చెమట పట్టట్లేదేంటి?" అంది.

ఆయనకు అబద్ధం నోటికి రాలేదు. "హాలు మూసేశారమ్మా" అన్నాడు.

"మరి ఇన్నాళ్ళూ ఎక్కడికెళ్తున్నారు?"

"ఊరికే... అలా."

ఆమె చొక్కాను బకెట్లో వేసింది. "మీతో ఆడే ఆయన ఇంటికి వెళ్ళి కూర్చోవచ్చుగా?"

ఆ ఆయన ఇల్లెక్కడో తనకు తెలియదని చెప్పడానికి సిగ్గేసింది.

తర్వాత వెతకడం మొదలుపెట్టాడు. గోడ దగ్గర వార్నిష్ వాసన వచ్చేది, కాబట్టి కలప పని అయుండాలి. సామిల్లు వీధిలో రెండు మూడు దుకాణాలు ఎక్కి దిగాడు. "పేరేంటండీ?" అని వాళ్ళడగడం, ఈయన నీళ్ళు నమలడం. "పొడుగ్గా ఉంటాడు, ఎడమ మోకాలికి పట్టీ వేసుకుంటాడు" అంటే వాళ్ళు ఎగాదిగా చూశారు.

చివరికి ఒకరోజు బస్సెక్కితే ముందు అద్దంలో తెలిసిన కళ్ళు కనిపించాయి. ఖాకీ చొక్కాలో డ్రైవర్ని ఆయన వెంటనే పోల్చుకోలేకపోయాడు. ఆఖరి స్టాపులో బండి ఆపాక డ్రైవరే చెప్పాడు.

"గోడగారిల్లా? ఇక్కడే, వాటర్ ట్యాంకు పక్క సందు. వాళ్ళావిడ మంచంలో ఉందిగా, ఎన్నో ఏళ్ళుగా. మీకు తెలీదా? రోజూ మీతోనే కదా ఆడేది!"

ఆ మాట ఆయనకు ముల్లులా దిగింది.

గోడ తలుపు తీసి, ముందు ఆశ్చర్యపోయి, తర్వాత కుర్చీ వేశాడు. మంచినీళ్ళిచ్చాడు. "బాగున్నారా?" "బాగున్నానండీ. మీరు?" "ఏదో, ఇలా." అక్కడితో మాటలు అయిపోయాయి. ఇద్దరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడగడియారం వంక చూశారు. మధ్యలో బల్ల లేకపోయేసరికి ఏం చెయ్యాలో ఇద్దరికీ తోచలేదు. లోపలి గదిలోంచి మంచం కిర్రుమన్నప్పుడు గోడ ఊరట కలిగినవాడిలా లేచాడు. మన మనిషీ అంతే ఊరటతో సెలవు తీసుకున్నాడు. బస్సులో కూర్చున్నాక మాత్రం కిటికీ వైపు మొహం తిప్పేసుకున్నాడు.

ఆ రోజుల్లోనే ప్రభుత్వం కొత్త క్రీడావిధానం తయారుచేస్తూ, జనం మాట వింటామని మునిసిపల్ ఆఫీసులో సభ పెట్టింది. డ్రైవరు సారీగార్నీ ఈయన్నీ లాక్కెళ్ళాడు. మొదట శిక్షణ కేంద్రం కోచ్ మాట్లాడాడు. పిల్లలకు ఉన్న సమయమే చాలట్లేదన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. తర్వాత కళ్ళజోడు వంతు వచ్చింది.

"మీ క్లబ్బు పేరేమిటి?" అడిగింది కమిటీలోని అధికారిణి.

"క్లబ్బేం లేదండీ."

"సభ్యుల పేర్లు?"

"తెలియవండీ."

వెనక వరసల్లో నవ్వులు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కూర్చుండిపోదామనుకున్నాడు గానీ, ఎందుకో కాళ్ళు వంగలేదు.

"పేర్లు తెలియవు గానీ అమ్మా, ఒకాయనకు మోకాలు ఎప్పుడు సలుపుతుందో నాకు తెలుసు. తలుపులోంచి వచ్చే నడకలోనే తెలిసిపోతుంది. ఆ రోజు ఆ పక్కకు బంతి వెయ్యను. వెయ్యలేదని ఆయనకీ తెలుసు, పైకి అనడు. మేమేం గెలవలేదు, గెలవం కూడా. పిల్లలు ఆడుకోనివ్వండి, పతకాలు రానివ్వండి. సాయంత్రం ఒక్క గంట మాకుంటే... ఒక మనిషి మనకోసం ఎదురుగా నిలబడి ఉంటాడు కదండీ. అంతే."

నవ్వులు ఆగాయి. అధికారిణి పక్కవారితో ఏదో మెల్లగా చెప్పి, తర్వాతి వాళ్ళను పిలిచింది.

వానలు వచ్చి వెలిశాయి, చలి మొదలైంది. ఆ చలిలోనే ఆదేశం వచ్చింది. శిక్షణకు ఇచ్చిన ప్రతి ప్రభుత్వ హాలులోనూ సాయంత్రం ఒక గంట ఊరివాళ్ళకు వదలాలి, రుసుమూ సభ్యత్వమూ అడగకూడదు. ఈయన మాటవల్లే వచ్చిందా అంటే ఎవరు చెప్పగలరు? ఇలాంటి సభలు చాలా ఊళ్ళలో జరిగాయి.

కబురు చెప్పడానికి వాటర్ ట్యాంకు సందుకు పరుగున వెళ్ళాడు. గోడ విని నవ్వాడు, మళ్ళీ తల దించుకున్నాడు.

"నేను రాలేనండీ. ఇదివరకు ఆ గంటసేపు పక్కింటావిడ వచ్చి కూర్చునేది. ఇప్పుడావిడ సాయంత్రం డ్యూటీకి పోతోంది. ఈవిణ్ణి ఒక్కదాన్నీ వదల్లేను."

కళ్ళజోడు సంచీ పట్టీని వేలికి చుట్టుకున్నాడు. "నేను కూర్చుంటాను. మీరెళ్ళండి. సారీగారు వస్తానన్నాడు."

"మరి మీరు?"

"రోజు మార్చి రోజు చేసుకుందాం. ఒకరోజు మీరు, ఒకరోజు నేను."

గోడ చాలాసేపు కాదన్నాడు. లోపలినుంచి ఆవిడ గొంతు వినబడింది: "వెళ్ళండీ, ఎంతసేపు మిమ్మల్నే చూస్తూ పడుకోను!"

అలా ఆ ఇద్దరూ మళ్ళీ ఎదురెదురుగా ఆడింది లేదు. ఒకరు బల్ల దగ్గరుంటే ఇంకొకరు మంచం దగ్గర. తలుపులో ఎదురుపడి సంచీలు సర్దుకునే ఒక్క నిమిషమే వాళ్ళది. తన వంతు రోజుల్లో కళ్ళజోడు సారీగారితో ఆడేవాడు. ఆట బాగానే ఉండేది గానీ, గోడకైతే అందుతుందిలే అని అలవాటుగా కొట్టిన బంతి చాలాసార్లు తిరిగొచ్చేది కాదు.

మొదటిరోజు మంచం పక్కన కూర్చుని, ఏం మాట్లాడాలో తెలియక దుప్పటి అంచు చూస్తున్నాడు. ఆవిడే అడిగింది: "అన్నయ్యగారూ, ఈయన ఆట ఎలా ఉంటుంది? నేనెప్పుడూ చూడలేదు."

ఆయన గొంతు సవరించుకున్నాడు. ముందు రెండు ముక్కల్లో చెబుదామనుకున్నాడు. గోడ బంతిని ఎలా చూస్తాడో, పొడుగు చేతులు ఎలా చాపుతాడో, ఓడిపోయే ఆటలో కూడా ఎలా తొందరపడడో చెప్పడం మొదలుపెట్టాక చేతులు వాటంతటవే లేచాయి. ఆవిడ కళ్ళు మూసుకుని వింటోంది. నిద్రపోయిందేమోనని ఆగితే, "ఊఁ, తర్వాత?" అంది.