పడుగు ఎత్తడానికి మోగని గంట

నలుగురి చేత పని చేయించే విద్యను గురించి సలహా అడగడానికి చిన్నవారు నా వద్దకు వస్తూ ఉంటారు. ఇన్నేళ్లూ వారికి క్రమశిక్షణను గురించి చెప్పి పంపాను. నా తొలి ఏడాదిలోని ఒక ఉదయాన్ని మాత్రం దాచాను. దాచినవాడు సలహా ఇవ్వడం న్యాయం కాదు కనుక దీనిని వ్రాస్తున్నాను.

నేను పెనుకొండలో పుట్టి హిందూపురంలో హైస్కూలు చదువు ముగించినవాడను. యుద్ధం సాగుతున్న రోజుల్లో హిందూపురం వర్తకుడొకాయన ధర్మవరంలో కొట్టం కట్టించి, ఎనిమిది పట్టు మగ్గాలను ఒకే కప్పు కిందికి చేర్చి, వాటి మీద నన్ను మేనేజరుగా నియమించాడు. అంతవరకు ఇళ్లలో నేసిన నేతగాళ్లు ఎప్పుడు పడితే అప్పుడు మగ్గం దిగేవారు. నేను సహించలేదు. గంట కొట్టనిదే ఎవరూ దిగరాదని పలక మీద గుండ్రని అక్షరాలతో వ్రాసి గోడకు తగిలించాను. మూడు నెలలు ఒక్కరూ మీరలేదు. మంచి మేనేజరునయ్యానని నమ్మాను.

ఒకనాడు అందరికన్నా పెద్ద నేతగాడు తన కొత్త పడుగును, అంటే చీరలో నిలువుగా నడిచే దారాలను, గంజి పట్టించి వీధి పొడవునా చాచాడు. వాటి రంగుల వరుసను కుదర్చడానికి అతనికి పది రోజులు పట్టింది. పెనుకొండ దిక్కున మబ్బు కమ్మి చినుకులు మొదలయ్యాయి. పడుగును ఏడెనిమిది మంది, బిగువు సడలకుండా, ఒక్కసారే ఎత్తాలి. వాన లేని రోజుల్లో ఆ పని గంట వేళకే జరిగేది. వాన వస్తే, ఎవరి పడుగైనా, కేక వినగానే మగ్గాలు విడిచి పరుగెత్తడం ఆ ఊరి వాడుక. అది నాకు తెలియదు.

"రాండప్పా! వాన వచ్చాండాది!" అని బయటినుంచి ముసలాయన అరిచాడు.

ఎవరూ లేవలేదు. ఏడుగురూ నావైపే చూశారు.

"ఏమిటి?" అన్నాను.

"గంట కొట్లేదు కదా సామీ," అన్నాడొకడు, అడ్డదారం నడిపే నాడెను చేతిలోంచి విడవకుండానే.

అది ఎగతాళిగా తోచి రోషం వచ్చింది. బల్ల మీది గంటను వదిలి, నేనే వీధిలోకి ఉరికి పడుగు కొస పట్టి ఎత్తాను. నడుమ సడలి దారాలు ఒకదానిలో ఒకటి చిక్కుకున్నాయి. అప్పుడు అందరూ వచ్చారు, గంట లేకుండానే.

"తడిసింటే ఆరబెట్టుకుంటాంటి," అన్నాడు ముసలాయన. "చిక్కు నేనేం చేసేది? కూచ్చో సామీ. లాగద్దు. యాడ బిగిసిండాదో ముందు చూడు."

నాలుగు రోజులు అతని పక్కన కూర్చుని విప్పాను. సగమే దక్కింది. ఐదవనాడు పలకను చెరుపుతూ ఉంటే, గంట మాట అన్నవాడే అడ్డుపడ్డాడు: "దాన్నెందుకు చెరుపుతావు సామీ? గంట వచ్చినంకనే కదా మేము యాళకు సంగటి తింటాండేది!"

నాకేమీ అర్థం కాలేదు. తప్పు నియమానిదా, నాదా? తిరిగి వ్రాశాను, వాన అని ఒక మినహాయింపు చేర్చాను. అదీ సరిపోయిందో లేదో తెలియదు.

ముసలాయన దక్కిన సగాన్ని నేసి ఇచ్చి, మళ్లీ మా మగ్గం ఎక్కలేదు, ఇంట్లోనే నేసుకున్నాడు. అయినా మా వీధిలో పడుగు తడిసే వేళ ప్రతిసారీ అందరికన్నా ముందు వచ్చి నిలిచేవాడు. కొస మాత్రం నా చేతికే ఇచ్చేవాడు. అది క్షమాపణో శిక్షో నేటికీ నిర్ణయించుకోలేకున్నాను. మగ్గాల నడుమ బ్రతికినవారు దీనిని చదివితే, పడుగు ఎత్తే తీరు వ్రాయడంలోనూ, ఆయనను అర్థం చేసుకోవడంలోనూ నేను ఎక్కడ పొరబడ్డానో దిద్దవలసిందిగా కోరుతున్నాను.